ఎం83: కంటికి తెల్లటి మసక, కెమెరాకు రంగుల సుడి

టెలిస్కోప్‌లో మొదటిసారి గెలాక్సీని చూసినవాళ్లలో చాలామంది "ఇంతేనా?" అంటారు. శని వలయాలు, చంద్రుడి మీది గుంటలు చూసి నోరెళ్లబెట్టినవాళ్లే గెలాక్సీ దగ్గరికి వచ్చేసరికి "ఏదో మసకగా ఉందండీ" అని పక్కకు తప్పుకుంటారు. వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది. మరి ఫొటోల్లో కనిపించే ఆ నీలం, గులాబీ, బంగారు రంగు ఎక్కడివి? కంప్యూటర్‌లో అద్దినవేనా?

అద్దినవి కావు, ఆ రంగులు గెలాక్సీవే. అయినా ఫొటోలో ఉన్నంత గాఢంగా వాటిని మనిషి కన్ను చూడలేదు. ఎంత పెద్ద టెలిస్కోప్ పెట్టినా చూడలేదు, ఎంత దగ్గరికి వెళ్లినా చూడలేదు. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలిస్తే గెలాక్సీ ఫొటోగ్రఫీలో చిక్కుముడి చాలావరకు విడిపోతుంది. ఎం83 అనే గెలాక్సీని ముందు పెట్టుకుని చెబుతాను. విశాఖ నుంచి చూసేవాళ్లకు దీన్ని మించిన సర్పిల (సుడిలా మెలితిరిగిన) గెలాక్సీ లేదని నా గట్టి అభిప్రాయం.

చిత్త నక్షత్రానికి దిగువన

ఎం83 మన నుంచి సుమారు కోటీ యాభై లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. నడుమ ఒక పట్టీ, దాని కొసల నుంచి మెలితిరుగుతూ విచ్చుకున్న చేతులు. ఆ చక్రం మొత్తం మనవైపు దాదాపు ఎదురుగా తిరిగి ఉండటం మన అదృష్టం, ఎందుకంటే చేతుల మెలిక పూర్తిగా కనిపిస్తుంది. 1752లో ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు లకాయ్ దక్షిణాఫ్రికాలోని కేప్ ఆఫ్ గుడ్ హోప్ నుంచి దీన్ని కనుగొన్నాడు. 1781లో షార్ల్ మెస్సియే పారిస్ నుంచి చూసి తన జాబితాలో 83వ అంశంగా చేర్చాడు.

పారిస్‌లో ఇది ఎంత ఎత్తుకు వచ్చినా దిగంతం మీద సుమారు 11 డిగ్రీలకు మించదు. అంత కిందికి చూడటమంటే మందమైన గాలి పొరల గుండా చూడటమే. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి మనకు 42 డిగ్రీల ఎత్తుకు లేస్తుంది. రాత్రికి ఐదు గంటల పాటు 30 డిగ్రీలకు పైనే ఉంటుంది. యూరప్, అమెరికాల్లో రాసిన గైడ్లు ఎం51, ఎం81 లాంటి ఉత్తరాది గెలాక్సీల గురించే ఎక్కువగా చెప్పడానికి వాళ్ల అక్షాంశమే కారణం. ఆ వరుసనే మనం అనుసరించాల్సిన అవసరం లేదు.

దీన్ని వెతకడానికి మన పంచాంగమే దారి చూపిస్తుంది. చైత్ర మాసానికి ఆ పేరు వచ్చింది చిత్త నక్షత్రం (ఇంగ్లీషులో స్పైకా) నుంచి. ఆ నెలలో పౌర్ణమి చంద్రుడు చిత్త దగ్గర ఉంటాడు, అంటే ఆ రోజుల్లో అర్ధరాత్రి వేళకు చిత్త నడినెత్తికి దక్షిణంగా, ఆకాశంలో తన అత్యధిక ఎత్తులో ఉంటుంది. చిత్త నుంచి దక్షిణానికి దాదాపు నిట్టనిలువుగా 19 డిగ్రీలు కిందికి దిగితే ఎం83. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు, కాబట్టి రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ. పౌర్ణమి వెన్నెల్లో గెలాక్సీ పని సాగదు. ఉగాదికి ముందు వచ్చే కొత్త అమావాస్య అసలైన సమయం. అనకాపల్లి నూకాలమ్మ జాతర మొదలయ్యే ఆ చీకటి రాత్రుల్లో ఎం83 అర్ధరాత్రి దాటాక దక్షిణాన నిలబడుతుంది. ఏప్రిల్ మధ్యలో సరిగ్గా అర్ధరాత్రికి, మే మధ్యలో రాత్రి పది గంటలకే ఆ స్థానానికి వస్తుంది కానీ, మేలో విశాఖ గాలిలో తేమ, సాయంత్రపు మబ్బులు చాలా రాత్రుల్ని మింగేస్తాయి. నిద్ర మానుకోగలిగితే ఫిబ్రవరి చివర తెల్లవారుజాము కూడా మంచిదే.

అది చిన్నది కాదు, పలచనిది

గెలాక్సీ కనిపించకపోవడానికి దూరమే కారణమని, బాగా పెద్దది చేసి చూపించే టెలిస్కోప్ ఉంటే కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎం83 ఆకాశంలో పౌర్ణమి చంద్రుడి వెడల్పులో సగానికి కాస్త తక్కువ ఉంటుంది. ఆండ్రోమెడా గెలాక్సీ అయితే ఆరు చందమామల్ని పక్కపక్కన పేర్చినంత పొడవు. పరిమాణం కాదు మనకు లోటు. ఉన్న వెలుగంతా ఆ విస్తీర్ణం మీద పరుచుకుని చాలా పలచబడిపోయింది.

ఈ పలచదనం టెలిస్కోప్‌తో తగ్గదు. చీకటికి అలవాటు పడిన యువకుడి కంటిపాప దాదాపు 7 మిల్లీమీటర్ల వరకు తెరుచుకుంటుంది. ఎనిమిదంగుళాల టెలిస్కోప్ అద్దం దానికంటే 800 రెట్లకు పైగా వెలుగును పోగుచేస్తుంది. అయితే ఆ వెలుగంతా కంట్లోకి వెళ్లాలంటే బొమ్మను కనీసం 29 రెట్లు పెద్దది చేయాలి. 29 రెట్లు పొడవు, 29 రెట్లు వెడల్పు, వెరసి విస్తీర్ణం 800 రెట్లకు పైనే. ఎంత వెలుగు పెరిగిందో అంత వైశాల్యమూ పెరిగింది. చదరానికి వచ్చే వెలుగు ఎక్కడున్నది అక్కడే ఉంది. ఇంకా పెద్దది చేస్తే ఇంకా పలచబడుతుంది తప్ప చిక్కబడదు. టెలిస్కోప్ చేసే మేలు వేరే ఉంది: మసకగా ఉన్న చిన్న వస్తువు కంటే అంతే మసకగా ఉన్న పెద్ద వస్తువును మన కన్ను సులువుగా పట్టుకుంటుంది.

దగ్గరికి వెళ్తే? దూరం సగమైతే మనకు చేరే వెలుగు నాలుగింతలవుతుంది, గెలాక్సీ ఆక్రమించే వైశాల్యమూ నాలుగింతలవుతుంది. పలచదనం మళ్లీ అదే. సాక్ష్యం మన నెత్తి మీదే ఉంది. పాలపుంత కూడా సర్పిల గెలాక్సీయే, మనం దాని లోపలే ఉన్నాం. ఇంతకంటే దగ్గరికి వెళ్లే వీల్లేదు. అయినా చీకటి ఆకాశంలో అది రంగులేని తెల్లటి పట్టీలాగే కనిపిస్తుంది.

రంగు లేకపోవడానికి కారణం కంట్లో ఉంది. మన రెటీనాలో రంగును గుర్తించే కోన్ కణాలకు కాస్త గట్టి వెలుగు కావాలి. అది లేనప్పుడు రాడ్ కణాలే పనిచేస్తాయి, వాటికి రంగుల తేడా తెలియదు. పైగా కన్ను వెలుగును దాచిపెట్టుకోదు. సెకనులో పదో వంతో, ఇంకాస్తో పోగేసి, ఆ చిత్రాన్ని మెదడుకు పంపి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. రాత్రంతా ఐపీస్‌కు కన్ను ఆనించి కూర్చున్నా మొదటి క్షణం వెలుగు చివరి క్షణానికి కలవదు.

అంతమాత్రాన కంటితో చూడటం వృథా అనను. ఇరవై, ముప్పై నిమిషాలు ఫోన్ కూడా ముట్టకుండా చీకట్లో ఉండాలి. తర్వాత గెలాక్సీ వైపు సూటిగా కాకుండా కొంచెం పక్కకు చూడాలి, ఎందుకంటే రెటీనా నడిబొడ్డున రాడ్ కణాలు లేవు. అప్పుడు ఎనిమిదంగుళాల టెలిస్కోప్‌లో, మంచి చీకటి ఉన్న చోట, మెరిసే నడిమి భాగం, చుట్టూ గుండ్రటి పొగ, ఓపిక పడితే పట్టీ జాడ, ఒక చేతి వంపు తెలుస్తాయి. ఆ వంపు తెలిసిన క్షణంలో మన రెటీనాను తాకుతున్నది కోటిన్నర ఏళ్ల కిందట బయలుదేరిన వెలుగు. ఏ ఫొటో కూడా ఆ అనుభవానికి సాటిరాదని నమ్ముతాను.

డాబాగార్డెన్స్ అబ్జర్వేటరీ కాలంలో

ఇక్కడ విశాఖ చరిత్రను కాస్త చెప్పుకోవాలి. 1840లో గోడే వెంకట జగ్గారావు గారు ఈ ఊళ్లో, డాబాగార్డెన్స్‌లో, సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ నెలకొల్పారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపించారు, ఆరంగుళాల టెలిస్కోప్ తెప్పించారు, 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని పరిశీలించారు. ఆ అబ్జర్వేటరీ మొదలైన 1840లో, సర్పిలాకారం ఉన్న నీహారికలు (ఆకాశంలో మేఘంలా కనిపించే మసకలు) ఉంటాయని ప్రపంచంలో ఎవరికీ తెలియదు. 1845లో ఐర్లండ్‌లో లార్డ్ రాస్ 72 అంగుళాల అద్దంతో ఎం51ను చూసి మొదటిసారి ఆ సుడిని కాగితం మీద గీశాడు. ఆండ్రోమెడాను మనుషులు వందల ఏళ్లుగా చూస్తూ కూడా అది సర్పిలమని గుర్తించలేదు. 1888లో ఐజాక్ రాబర్ట్స్ తీసిన ఫొటోలో మొట్టమొదటగా దాని మెలికలు బయటపడ్డాయి. ఫొటో అంటే కంటితో చూసినదానికి మెరుగులు దిద్దడం అనుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది. కన్ను చేరలేని చోటికి ఫొటోయే మొదట చేరింది.

నగరపు వెలుగుతో అసలు గొడవ

ఇవాళ డాబాగార్డెన్స్ నుంచి ఎం83 మధ్యలోని మెరుపు తప్ప ఇంకేమీ కనిపించదు. ఎందుకో అంకెల్లో చెప్పొచ్చు. ఎం83 వెలుగును దాని వైశాల్యంతో భాగిస్తే వచ్చే సగటు, మంచి చీకటి పల్లెలో ఖాళీ ఆకాశానికి సహజంగా ఉండే వెలుగుతో ఇంచుమించు సమానం. పెద్ద నగరం నడిబొడ్డున ఆకాశం దానికి పాతిక రెట్లు వెలుగుతుంది. అంటే కెమెరా సెన్సర్‌లో ఒక పిక్సెల్‌కు గెలాక్సీ నుంచి ఒక ఫోటాన్ (వెలుగు రేణువు) వస్తే, పల్లెలో ఆకాశం నుంచి ఒకటి, నగరంలో పాతిక వస్తాయి.

ఆకాశం వెలుగెంతో తెలుసు కాబట్టి దాన్ని తీసేస్తే సరిపోదా? సగటును తీసేయొచ్చు. ఇబ్బంది ఒడుదొడుకులతో వస్తుంది. పెంకుటింటి మీద వాన కురుస్తున్నప్పుడు నిమిషానికి పెంకుకు సగటున వంద చినుకులు పడుతున్నాయనుకోండి. లెక్కపెడితే ఒక పెంకుపై 92, పక్కదానిపై 109 ఉంటాయి. వంద చినుకులకు అటూ ఇటూ పది తేడా సహజం. పదివేల చినుకులకు వంద తేడా. అంటే పోగైన మొత్తానికి వర్గమూలం ఎంతో, తేడా అంత. ఫోటాన్లు కూడా ఇదే లెక్క ప్రకారం వచ్చి పడతాయి. గెలాక్సీ చేతుల నుంచి వచ్చే పలచటి వెలుగు ఈ తేడాల కంటే చిన్నదైతే అందులో కలిసిపోతుంది. సగటును తీసేసినా తేడాలు మిగిలే ఉంటాయి.

దీనికి మందు ఒక్కటే, ఎక్కువసేపు పోగేయడం. సమయం నాలుగు రెట్లయితే గెలాక్సీ వెలుగు నాలుగు రెట్లు, తేడాలు రెండు రెట్లే పెరుగుతాయి. ఈ లెక్కలో పై అంకెలు పెడితే పల్లెలో ఒక గంటలో వచ్చే స్పష్టతకు నగరంలో 13 గంటలు కావాలి. అరకు, అనంతగిరి, లంబసింగి వైపు వెళ్లే ఘాట్ రోడ్డు ప్రయాణానికి ఉన్న విలువ ఇది. కొత్త టెలిస్కోప్ కొనాలా, కారులో పెట్రోల్ పోయించుకుని కొండెక్కాలా అని ఎవరైనా అడిగితే కొండెక్కమనే చెబుతాను.

లైట్ పొల్యూషన్ ఫిల్టర్ కొంటే సరిపోతుందని షాపుల్లో చెబుతారు. సోడియం దీపాల కాలంలో అందులో కొంత నిజముండేది. వాటి వెలుగు ఎక్కువగా పసుపు రంగులో ఒకచోట గుమిగూడి ఉంటుంది, ఫిల్టర్ అక్కడ అడ్డుకుంటే మిగతాది దాటిపోతుంది. 2014 అక్టోబర్ హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖ వీధి దీపాలు ఎల్ఈడీలయ్యాయి. తెల్ల ఎల్ఈడీ అన్ని రంగుల్లోనూ వెలుగు చిమ్ముతుంది. గెలాక్సీ అంటే నక్షత్రాల గుంపు కాబట్టి దాని వెలుగూ అన్ని రంగుల్లోనే ఉంటుంది. ఏది దీపానిదో, ఏది గెలాక్సీదో ఫిల్టర్ విడదీయలేదు. వాయు నీహారికల ఫొటోలకు ఫిల్టర్లు బాగా పనికొస్తాయి, గెలాక్సీకి చాలా తక్కువ.

కొండలకు వెళ్లలేనివాళ్లకు సముద్రం ఉంది. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. భీమిలి వైపు వెళ్తే నగరం, పోర్టు నైరుతి దిక్కుకు జరిగిపోతాయి, ఆగ్నేయం నుంచి దక్షిణం దాకా నీళ్లే. ఎం83 ఉదయించి ఎత్తుకు చేరేది సరిగ్గా ఈ భాగంలోనే. కాబట్టి అది దక్షిణ దిక్కును దాటకముందే, సముద్రం మీద ఉండగానే ఫొటోలు ఎక్కువ తీసుకోవాలి. ఉప్పుగాలి లెన్సు పూతల్నీ, మౌంట్ (టెలిస్కోప్‌ను మోసి తిప్పే పీఠం) స్క్రూలనూ తినేస్తుంది కనుక ఇసుకలో కాకుండా తీరానికి ఎడంగా నిలబడటం మేలు.

పోగేయడం ఎలా

భూమి తిరుగుతుంటుంది కాబట్టి ఆకాశం సెకనుకు 15 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) చొప్పున జరుగుతుంది. 1000 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్, 3.76 మైక్రాన్ల పిక్సెళ్లు ఉన్న కెమెరాలో ఎం83 దాదాపు వెయ్యి పిక్సెళ్ల వెడల్పున చక్కగా పరుచుకుంటుంది. కానీ మౌంట్ తిరగకపోతే ఒక్క సెకనులో అది 16, 17 పిక్సెళ్లు పక్కకు జరిగిపోతుంది. అందుకే భూమి అక్షానికి సమాంతరంగా పెట్టి, భూమికి ఎదురు దిశలో అంతే వేగంతో తిరిగే ఈక్వటోరియల్ మౌంట్ కావాలి. గెలాక్సీ ఫొటోగ్రఫీలో అన్నిటికంటే ఎక్కువ డబ్బు పెట్టాల్సింది దీని మీదే, టెలిస్కోప్ మీద కాదు.

మౌంట్‌ను అక్షానికి సరిచేయాలంటే ధ్రువనక్షత్రం కనిపించాలి. విశాఖలో అది దిగంతం నుంచి సుమారు 18 డిగ్రీల ఎత్తులోనే. అపార్ట్‌మెంట్లు, ఉత్తరాన ఉన్న కొండలు, తేమ పొగ, ఏదో ఒకటి అడ్డం వస్తుంది. కెమెరా తీసిన నక్షత్రాల అమరికను బట్టి మౌంట్ ఎటు వాలిందో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడున్నాయి, మన అక్షాంశంలో వాటి మీద ఆధారపడటమే సులువు.

ఒకేసారి ఐదు గంటల ఎక్స్‌పోజర్ ఇవ్వరు. మూడేసి నిమిషాల ఫొటోలు వంద తీసి, నక్షత్రాలను ఒకదానిపై ఒకటి సరిపోల్చి సగటు కడతారు. దీన్నే స్టాకింగ్ అంటారు. మధ్యలో విమానమో, ఉపగ్రహమో దాటితే ఆ ఒక్క గీత సగటులో కొట్టుకుపోతుంది. వంద ఫొటోల సగటులో గరుకుదనం పదో వంతుకు తగ్గుతుంది.

విశాఖ వేడి ఇంకో సమస్య. వెలుగు పడకపోయినా సెన్సర్‌లో వేడివల్ల ఎలక్ట్రాన్లు పుడుతూనే ఉంటాయి, ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీలు పెరిగితే అవి దాదాపు రెట్టింపవుతాయి. రాత్రి గాలి 27 డిగ్రీలున్నప్పుడు సెన్సర్‌ను మైనస్ 10కి చల్లబరిచే కెమెరాలో ఈ ఎలక్ట్రాన్ల సంఖ్య కనీసం ముప్పయ్యో వంతుకు పడిపోతుంది. చల్లదనం ఖర్చు భరించలేకపోతే లెన్సు మూత పెట్టి అదే వేడిలో, అంతే సమయం డార్క్ ఫ్రేములు తీసి లెక్కలోంచి మినహాయించాలి. తేమకు టెలిస్కోప్ ముందు అద్దం మీద మంచు పట్టకుండా డ్యూ హీటర్ పట్టీ చుట్టడం మన తీరంలో తప్పనిసరి.

ఇవన్నీ టెన్షన్ అనుకునేవాళ్లకు చిన్న స్మార్ట్ టెలిస్కోపులు వచ్చాయి. పది సెకన్ల ఫొటోలు తీస్తూ అదే పేర్చుకుంటూ పోతుంది. ఫోన్ తెర మీద నిమిషనిమిషానికి చేతులు తేలుతూ రావడం పిల్లలకు చూపించండి. పోగేయడం అంటే ఏమిటో ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

రంగులు నిజమేనా

స్టాకింగ్ పూర్తయిన చిత్రాన్ని తెరిస్తే నల్లటి తెర మీద కొన్ని నక్షత్రాలే ఉంటాయి. గెలాక్సీ అందులోనే ఉంది, కానీ దాని విలువలన్నీ అట్టడుగున నలుపుకు అతి దగ్గరగా ఇరుక్కుని ఉన్నాయి. ఆ అడుగు భాగాన్ని సాగదీసి కంటికి ఆనేలా పైకి తేవడాన్ని స్ట్రెచింగ్ అంటారు. చిత్రం మొత్తానికి ఒకే సూత్రం వర్తింపజేస్తే ఇందులో మోసం లేదు. మొదట మసకగా ఉన్నది ఇప్పుడూ పక్కదానికంటే మసకగానే ఉంటుంది.

అప్పుడు బయటపడే రంగుల్లో ప్రతిదానికీ ఒక అర్థముంది. నడిమి భాగం పసుపు, అక్కడ ముసలి, చల్లటి నక్షత్రాలు ఎక్కువ. చేతులు నీలం, అక్కడ కొత్తగా పుట్టిన, భారీగా, అతి వేడిగా ఉన్న నక్షత్రాలున్నాయి. చేతుల వెంబడి గులాబీ చుక్కలు అప్పుడే నక్షత్రాలు పుడుతున్న హైడ్రోజన్ మేఘాలు, 656 నానోమీటర్ల ఎరుపు వెలుగుతో మెరుస్తున్నాయి. వాటి మధ్య నల్లటి చారలు ధూళి. నీలి చేతుల్లోని భారీ నక్షత్రాల్లో కోటి ఏళ్లు కూడా బతకనివి చాలా ఉంటాయి. వాటి వెలుగు కోటిన్నర ఏళ్ల ప్రయాణం పూర్తిచేసి భీమిలి తీరానికి చేరేసరికి అవి పేలి అంతరించిపోయి ఉంటాయి.

నాకు అభ్యంతరం ఉన్నది వేరే పని మీద. స్పష్టత పేరుతో, డేటాలో లేని నక్షత్రాల గుంపుల్నీ, చేతుల అంచుల్నీ ఊహించి గీసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. సాగదీయడం కొలతను చూపించే పద్ధతి, ఊహించి గీయడం కొలతను చెరిపేయడం. అలా చేసినప్పుడు ఆ సంగతి ఫొటో కింద రాయడం మర్యాద.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమో ఎం83 చరిత్రే చెబుతుంది. 1923 నుంచి 1983 వరకు ఈ ఒక్క గెలాక్సీలో ఆరు సూపర్‌నోవాలు (నక్షత్రాల పేలుళ్లు) నమోదయ్యాయి. ఆరోదాన్ని 1983 జులైలో ఆస్ట్రేలియాకు చెందిన రాబర్ట్ ఎవాన్స్ అనే చర్చి పాస్టర్ ఇంటి టెలిస్కోప్‌తో, కంటితోనే పట్టుకున్నాడు. గెలాక్సీల చుట్టూ ఏ చుక్క ఎక్కడుంటుందో ఆయనకు కంఠతా వచ్చు. మనకు అంత జ్ఞాపకశక్తి అక్కర్లేదు, నిజాయితీగా తీసిన పాత ఫొటో ఉంటే చాలు. ప్రతి సీజన్‌లో ఎం83ని తీసేవాళ్లు కొత్త ఫొటోను పాతదాని పక్కన పెట్టి చూడాలి. లేని చోట చుక్క కనిపిస్తే సెన్సర్ లోపం కాదని వేరే ఫ్రేముల్లో చూసుకుని, గ్రహశకలం కాదని మర్నాటి రాత్రి అదే చోట ఉందో లేదో సరిచూసుకుని, అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య తరఫున కొత్త పేలుళ్లను నమోదు చేసే ట్రాన్సియెంట్ నేమ్ సర్వర్‌లో తెలియజేయాలి.